మైపాడు పొద్దుకు ఎదురుగా పాత ఫ్లాషు

మా సంఘంలో పోయినసారి బాప్తిస్మాలు జరిగినప్పుడు తీసిన ఫోటోలు చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. వెనకాల సముద్రం ధగధగలాడుతోంది. పాస్టరు అయ్యగారి తెల్ల చొక్కా మెరిసిపోతోంది. నీళ్ళలోంచి లేస్తున్న ఆడవాళ్ళ తెల్లచీరలూ మెరిసిపోతున్నాయి. ఆ చీరల పైన మొహాలు ఉండాల్సిన చోట మాత్రం మసి. కళ్ళు లేవు, ముక్కు లేదు. ఎవరు ఎవరో ఒడ్డూ పొడుగూ బట్టి గుర్తుపట్టుకోవాలి. ఇదేమిటండీ అని తీసినాయన్ని అడిగితే, "వాళ్ళు నలుపు కదమ్మా, కెమెరా ఏం చేస్తుంది?" అన్నాడు.

నేను నెల్లూరులో ఒక కలర్ ల్యాబులో ఏళ్ళ తరబడి పెళ్ళి ఆల్బమ్‌లు డిజైన్ చేసినదాన్ని. ఎవరో తీసుకొచ్చిన ఫోటోల్లో ఎవరివో మొహాలు కంప్యూటర్ మీద తెల్లబరచడమే నా ఉద్యోగం. కాబట్టి తప్పెక్కడుందో నాకు తెలుసు. మైపాడులో పొద్దు సముద్రంలోంచి పుడుతుంది. బాప్తిస్మం తీసుకునేవాళ్ళు ఒడ్డున ఉన్న సంఘం వైపు తిరిగి నిలబడతారు. అంటే పొద్దు వాళ్ళ వీపు వెనక ఉంటుంది, ఫోటో తీసేవాడి కళ్ళలో పడుతుంది. అప్పుడు అక్కడ దొరసానిని నిలబెట్టినా మసిబొగ్గులాగే వస్తుంది. ఆ మాట ఆయనకు నలుగురి ముందూ చెప్పాను. నా నోటికి భయపడి ఆయన మళ్ళీ మా ఊరి వైపు రాలేదు.

ఈసారి బాప్తిస్మాలకు మా అత్త పేరిచ్చింది. నా పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆమె నాతో గుడికి వస్తూనే ఉంది గానీ, బాప్తిస్మం మాటెత్తితే నారుమడి ఉందనో, కలుపు ఉందనో, మోకాళ్ళు నొప్పులనో దాటేసేది. ఇప్పుడు తనంతట తానే తీసుకుంటానంది. అయితే పేరిచ్చి వచ్చిన రోజు నన్ను పక్కకు పిలిచి, "ఒకటే మాట మే. నా మొగం పడాల," అంది.

"పడతాది లే అత్తా."

"పోయినసారి వాళ్ళకట్టా మసి పూసినట్టు ఉండకూడదు. ఇది మళ్ళీ మళ్ళీ చేసేది కాదంట గదా, ఒక్కసారేనంట గదా. ఆధార్ కార్డులో చూస్తే నన్ను పోలీసోళ్ళు పట్టుకుపోయినట్టు ఉండాను. పోయినాక గోడకు పెట్టే ఫోటో కాదు నాక్కావాల్సింది. నేను బతికుండంగా చూసుకోవాల."

మా ఆయన ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల మీద నీళ్ళకు గాలి కొట్టే ఏరేటర్లు, మోటార్లు చూసుకుంటాడు. అతను అరుగు మీద కూర్చుని ఈ మాటలన్నీ విన్నాడు. నాకు అప్పటికి సెకండ్ హ్యాండ్‌లో కొన్న డిజిటల్ కెమెరా ఒకటి ఉంది. ల్యాబు ఉద్యోగం మానేసి సొంతంగా ఫోటోలు తీసి బతకాలని కొన్నాను. చేతిలో ఉన్నదంతా దానికే పోయింది. ఎదురెండలో మొహం పడాలంటే ఫ్లాష్ కావాలి, అది నా దగ్గర లేదు. నేనే సముద్రంలోకి దిగి అటు వైపు నుంచి తీస్తే ఎలా ఉంటుందని అడిగాను. "కెమెరాకు కూడా బాప్తిస్మం ఇప్పిస్తావా?" అన్నాడు.

అప్పుడు మా మేనమామ గుర్తొచ్చాడు. ఫిల్మ్ రోజుల్లో నెల్లూరులో ఆయనకు స్టూడియో ఉండేది. ఇప్పుడు అదే గదిలో జిరాక్స్ మిషన్ పెట్టుకుని హాయిగా ఉన్నాడు. నేను వెళ్ళి అడగ్గానే బీరువాలోంచి తువ్వాలులో చుట్టిన ఫ్లాష్ తీసి నా చేతిలో పెట్టాడు. అరచెయ్యి కంటే పెద్దది, ఇటుకంత బరువు. ఎన్ని పెళ్ళిళ్ళు చూసిందో, అంచుల్లో రంగు పోయి తెల్లబడింది.

"ఇంకా కొడతాందా మామా?" అన్నాను.

"బో కొడతాది మే. చూసి పట్టుకో," అన్నాడు.

నేను సంతోషం పట్టలేకపోయాను. చూసి పట్టుకోమన్నది కింద పడేస్తానని కాబోలు అనుకున్నాను. చిన్నప్పుడు ఆయన స్టూడియోలో నేను పగలగొట్టినవి తక్కువేం కాదు. పనిలో పనిగా ఇంకో రెండు జాగ్రత్తలు చెప్పాడు. ఏళ్ళ తరబడి పడుకున్న ఫ్లాష్‌ని ఒక్కసారిగా పని చేయించకూడదట. కొత్త సెల్స్ వేసి, ఆన్ చేసి కాసేపు వదిలెయ్యాలి, నెమ్మదిగా నిండనివ్వాలి, ఒకసారి వెలిగించి మళ్ళీ వదిలెయ్యాలి. ఇక రెండోది, "ఏం జరిగినా లోపల తెరవబాక. సెల్స్ తీసేసినా అది లోపల కరెంటు దాచుకోనుంటాది. అట్టా తెరిచి మా అసిస్టెంట్ ఒకడు గోడకు పోయి తగిలినాడు."

ఇంటికొచ్చి సెల్స్ పెట్టే గూడు తెరిస్తే లోపల పచ్చగా చిలుము పట్టి ఉంది. దూదికి కాస్త వెనిగర్ అద్ది, మెల్లగా తుడిచి, ఆరబెట్టాను. కొత్త సెల్స్ వేసి ఆన్ చేస్తే కుయ్యిమని సన్నటి కూత మొదలైంది. ఆ కూత పైకి పైకి పోయి చెవికి అందకుండా పోయింది. చాలాసేపటికి వెనకాల చిన్న ఎర్రలైటు వెలిగింది. దాని పక్కన ఉన్న బటన్ నొక్కితే మా వంటిల్లంతా ఒక్కసారి తెల్లబడింది. మా అత్త భయపడి చేతిలో చేట వదిలేసింది, తర్వాత ఇంకోసారి నొక్కమని అడిగింది.

ఇక కెమెరా నెత్తిన తగిలించడమే మిగిలింది. తగిలించే ముందు నాకెందుకో చిన్న అనుమానం పీకింది. ల్యాబుకు వచ్చే ఒకాయన కెమెరా పాత ఫ్లాష్ వల్లనే చచ్చిపోయిందని ఎవరో అనుకుంటుండగా విన్నాను. అప్పుడు నా కెమెరా కాదు కాబట్టి ఎందుకు చచ్చిందో కనుక్కోలేదు. మా ఆయన్ని పిలిచి, దీని అడుగు భాగానికి కరెంటు వస్తుందేమో చూడమన్నాను. అతను జేబులోంచి టెస్టర్ తీశాడు. మన ఇళ్ళలో ఫ్యాన్ తిరక్కపోయినా, ఫ్రిజ్ ముట్టుకుంటే జిల్లుమన్నా మొదట బయటికొచ్చేది ఆ స్క్రూడ్రైవర్ టెస్టరే కదా. వెనకాల వేలు పెట్టి, ముందు మొనను ఫ్లాష్ అడుగున మధ్యలో ఉన్న చుక్కకు ఆనించాడు. టెస్టర్‌లో బల్బు వెలగలేదు. చుట్టూ ఉన్న రేకుకు ఆనించాడు, అప్పుడూ వెలగలేదు.

"కరెంటూ లేదు, ఏం లేదు. తగిలించుకో," అన్నాడు.

నేను రొయ్యలు వలుస్తూ మధ్యలో లేచి వచ్చాను. చేతులు కడుక్కున్నాను గానీ సరిగా తుడుచుకోలేదు. ఎడం చేత్తో కెమెరా పట్టుకుని, కుడి చేత్తో ఫ్లాష్ తీసుకున్నాను. దాన్ని గాడిలోకి జరపబోతుంటే తడి బొటనవేలు అడుగున ఆ చుక్కకూ పక్క రేకుకూ కలిపి తగిలింది. వేలిని ఎవరో సూదితో పొడిచినట్టయింది, అదే క్షణంలో ఫ్లాష్ భగ్గున వెలిగింది. కళ్ళు బైర్లు కమ్మాయి. కెమెరా పట్టుకున్న చెయ్యి దూరంగా లాక్కున్నాను, ఆ దేవుడి దయ.

మనకు అన్నీ కొట్టడమే. ఫోటో కొడతాం, ఫ్లాష్ కొడతాం, హారన్ కొడతాం, షాకు మనల్ని కొడుతుంది. మా మామ "బో కొడతాది" అన్నది వెలుగు గురించి కాదని, నా వేలు జివ్వుజివ్వుమంటుంటే అర్థమైంది. ఫోన్ చేసి తిట్టడానికి సిద్ధమయ్యాను. ఆయన తాపీగా, "చెప్పినా గదమ్మే, కొడతాదని. పెళ్ళిళ్ళలో చెమట చేత్తో తగిలితే చాలు, ప్రతిసారీ కొట్టేది. అందుకే గదా చూసి పట్టుకోమన్నాను," అన్నాడు. ఆ మాట అంటూనే పగలబడి నవ్వాడు. అంత గట్టిగా నవ్వే మనిషిని ఫోన్లో ఏం తిడతాం?

మా ఆయన మొహం మాత్రం వాడిపోయింది. మర్నాడు గుంటల దగ్గర్నుంచి వోల్టేజి కొలిచే మల్టీమీటర్ తెచ్చాడు. డీసీ వైపు తిప్పి, ఎర్రలైటు వెలిగాక, దాని తీగల చివరి పుల్లల్లో ఒకటి మధ్య చుక్క మీద, ఇంకోటి పక్క రేకు మీద పెట్టాడు. అంకె రెండు వందలు దాటి ఆగింది. ఇద్దరం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. నాలుగు చిన్న సెల్స్ వేసిన డబ్బా, ఇంట్లో ప్లగ్గులో ఉన్నంత వోల్టేజిని అడుగున పెట్టుకుని కూర్చుంది. టెస్టర్ ఎందుకు వెలగలేదంటే, అది వెలగాలంటే కరెంటు మన ఒంట్లోంచి నేలకు పోయి తిరిగి తన చోటికి చేరాలి. ఇంటి కరెంటుకు నేలతో సంబంధముంది. ఈ సెల్స్ డబ్బాకు నేలతో ఏ సంబంధమూ లేదు, దాని లోకం దానిది. "ఇంతకాలం మోటార్లు చూసి ఈ మాత్రం తట్టలా నాకు," అని తనను తానే తిట్టుకున్నాడు. నేను కూడా ఒక చెయ్యి వేశాను.

తర్వాత ఫోనులో వెతికీ, నెల్లూరులో కెమెరాలు బాగుచేసేవాళ్ళను అడిగీ సంగతి తెలుసుకున్నాను. పాత ఫిల్మ్ కెమెరాలో ఫ్లాష్‌ని వెలిగించేది రెండు రేకులు. బటన్ నొక్కితే అతుక్కుంటాయి, వదిలితే విడిపోతాయి. వాటిలోంచి ఎంత వోల్టేజి పోయినా వాటికి లెక్కలేదు. ఇప్పటి కెమెరాలో ఆ పని చేసేది ఆవగింజంత ఎలక్ట్రానిక్ ముక్క. కొన్ని కెమెరాలు ఎక్కువే తట్టుకుంటాయట, కొన్ని కొద్దిపాటి వోల్టేజికే పోతాయట. నాదెంత తట్టుకుంటుందో దాని పుస్తకంలో రాయలేదు. ఒక్కసారికి ఏం కాదులే అని చూద్దామా అంటే, ఆ ఒక్కసారి అత్త నీళ్ళలోంచి లేచేటప్పుడే అవుతుంది. కెమెరా పోతే ఫోటో పోతుంది, నేను మళ్ళీ పోయి ల్యాబులో పెళ్ళికూతుళ్ళ మొహాలు తెల్లబరుచుకోవాలి.

దారి ఒకటే. ఫ్లాష్‌ని కెమెరాకు అసలు తగిలించకూడదు. నెల్లూరులో కెమెరాల కొట్టతను మొదట కన్నులాంటి గాజుబిళ్ళ చూపించాడు. అది ఇంకో ఫ్లాష్ వెలుగు చూసి దీన్ని వెలిగిస్తుందట. స్టూడియోలో మంచిదే గానీ ఎదురెండలో దానికి కళ్ళు కనపడవు, వద్దన్నాను. రెండోది రేడియో ట్రిగ్గర్. రెండు చిన్న డబ్బాలు, ఒకటి కెమెరా నెత్తిన, ఒకటి ఫ్లాష్ కింద. నేను బటన్ నొక్కితే మొదటిది చెబుతుంది, రెండోది వింటుంది. మధ్యలో గాలి తప్ప తీగ లేదు. ఫ్లాష్ కొడితే తన కింద ఉన్న డబ్బానే కొట్టాలి. ఆ డబ్బా ఎంత వోల్టేజి తట్టుకుంటుందో కాగితం మీద ఉందా అని అడిగి, మా అంకె కంటే ఎక్కువేనని రెండుసార్లు చదువుకుని కొన్నాను. కొట్టతను విసుక్కున్నాడు. విసుక్కుంటే విసుక్కోనీ.

ఇంకో లాభమూ కనపడింది. ఫ్లాష్ నా నెత్తిన ఉండక్కర్లేదు కాబట్టి, మా ఆయన దాన్ని పట్టుకుని నీళ్ళలో అత్తకు దగ్గరగా నిలబడొచ్చు. ఉప్పునీరు పడకుండా పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ సంచి కట్టాం. పొద్దున్నే గుంట గట్టు మీద అత్తను పొద్దుకు వీపు పెట్టి నిలబెట్టి సాధన మొదలుపెట్టాం. ఆమె చెంబుడు నీళ్ళు నెత్తిన పోసుకుని లేచేది, నేను నొక్కేదాన్ని. మొదటి ఫోటోల్లో ఆమె నడుము నుంచి కింద మాత్రమే వెలిగింది, మొహం మళ్ళీ మసి. "నా కాళ్ళు ఎవురికి కావాల మే?" అంది. షట్టర్ వేగం మరీ ఎక్కువ పెట్టాను, ఫ్లాష్ వెలిగేసరికి కెమెరా లోపలి తెర సగం మూసుకుపోతోంది. వేగం తగ్గించాక మొహం వచ్చింది గానీ పిండి పూసినట్టు వచ్చింది. ఫ్లాష్‌కి తెల్ల చేతిగుడ్డ కట్టాక అత్త అత్తలాగా కనపడింది. ఇన్ని తంటాల్లోనూ ఆమె ఒక సంగతి బాగా పట్టుకుంది. కూత ఆగి ఎర్రలైటు వచ్చేదాకా లేవకూడదు. ప్రతిసారీ చెంబు ఎత్తే ముందు "లైటొచ్చిందా రా?" అని కొడుకునడిగేది.

బాప్తిస్మాల రోజు సంఘమంతా తెల్లారకముందే మైపాడు చేరింది. పొద్దు నీళ్ళలోంచి పైకి రాగానే అయ్యగారు నడుము లోతుకు దిగారు. వరసలో అత్త చివరన ఉంది. మా ఆయన సంచిలో ఫ్లాష్ ఎత్తి పట్టుకుని అలల్లో నిలబడ్డాడు. "అమ్మ వచ్చేదాకా వాడబాక, సెల్స్ అయిపోతాయి," అని ముందే నాకు చెప్పి ఉన్నాడు. నేను సరేనన్నాను. మొదటామె నీళ్ళలోంచి లేచింది, నీళ్ళు కారుతున్న ఆ మొహం చూస్తే నాకు మనసొప్పలేదు. ఆమెకు మాత్రం ఎన్ని బాప్తిస్మాలు? నొక్కాను. రెండో ఆమెకూ, మూడో ఆమెకూ నొక్కాను. మా ఆయన అక్కణ్ణించే నావైపు గుర్రుగా చూశాడు.

అత్త వంతు వచ్చింది. నీళ్ళలోకి నడిచి, ఒడ్డు వైపు తిరిగి నిలబడింది. సెల్స్ అలిసిపోయాయి. అలల హోరులో కూత వినపడటం లేదు గానీ మా ఆయన తల అడ్డంగా ఊపడం కనపడుతోంది. నాకు భయం వేసింది. నా జాలి గుణం వల్ల నా ఇంటి మనిషికే మసి పూస్తున్నాననిపించింది. అయ్యగారిని ఆగమని కేకెయ్యడానికి నోరు రాలేదు. ఆయన అప్పటికే అడగాల్సినవి అడుగుతున్నారు. అత్త "నమ్మతాండానయ్యా" అంది. ఆయన ఆమె భుజం పట్టుకుని ముంచబోతుంటే, ఆమె తల పక్కకు తిప్పి గట్టిగా అడిగింది.

"లైటొచ్చిందా రా?"

అయ్యగారి మొహం వెలిగిపోయింది. "వచ్చిందమ్మా, వచ్చింది. నిన్ను వెతుక్కుంటా వచ్చింది," అన్నారు.

"ఇంకా రాలేదు మా," అన్నాడు మా ఆయన.

"రాలేదంటుండాడయ్యా. రవ్వంత ఉండండి," అంది అత్త.

అయ్యగారు మా ఆయన్ని చూశారు, సంచిలో ఉన్నదాన్ని చూశారు, ఒడ్డున నన్ను చూశారు. ఏం అర్థమైందో గానీ ఆమె భుజం మీద చెయ్యి తియ్యకుండా అలాగే నిలబడ్డారు. ఒడ్డున పాడుతున్నవాళ్ళు పాట అయిపోయి మళ్ళీ పల్లవి ఎత్తుకున్నారు. రెండు అలలు వచ్చి పోయాయి.

"వచ్చింది," అన్నాడు మా ఆయన.

అయ్యగారు ముంచారు. ఆమె లేచింది, నేను నొక్కాను. పొద్దు ముందు ఆ వెలుగు చాలా చిన్నది, చూసినవాళ్ళు కూడా తక్కువ. అది వెలిగిందని మాత్రం నాకు తెలిసింది.

ఆడవాళ్ళంతా నా చుట్టూ మూగారు. పోయినసారి మసైనవాళ్ళలో ఒకామె తెరలోకి తొంగి చూసి, మమ్మల్ని కూడా ఇంకోసారి ముంచుతారేమో అడగమ్మా అంది. ముంచక్కర్లేదు, సెల్స్ మార్చి అందరికీ తీస్తానన్నాను. ఈలోగా అత్త తువ్వాలు కప్పుకుని, వణుకుతూ వచ్చింది. తడి చేత్తో ముట్టుకోవద్దని కెమెరా నేనే పట్టుకుని చూపించాను.

ఆమె తెరకు మొహం దగ్గరగా పెట్టి, నుదురు ముడిచి చూసింది. నచ్చలేదేమో అనుకున్నాను. వెనక సముద్రం ఉంది, అయ్యగారి చెయ్యి ఉంది, మధ్యలో సగం మూసిన కళ్ళతో, చెంపల మీద నీళ్ళతో, నల్లటి చక్కటి మొహం ఉంది. ప్రతి ముడతా కనపడుతోంది.

"బాగలేదా అత్తా?"

"మా అమ్మకు ఫోటో లేదు మే," అంది. "పోయిన కొన్నేళ్ళకు మొగం గుర్తుకు రాకుండా పోయింది. ఎంత తలుచుకున్నా రాలా. ఎవురికీ చెప్పలా నేను." చెయ్యి దూరంగానే పెట్టి తెర మీద గడ్డం చూపించింది. "ఇదో, ఈమే."

మిగతా ఫోటోలు చూపించబోతే వద్దంది, ఇదే కాసేపు ఉంచమంది. తెర ఆరిపోయినప్పుడల్లా నేను మళ్ళీ బటన్ నొక్కుతూ ఆమె పక్కన నిలబడ్డాను.